గడప తొక్కని బీరు

పోయిన వారం మా బైకు షోరూముకు ఒకాయన బండి సర్వీసింగుకు తెచ్చాడు. బండి నిటారుగానే ఉంది. ఆయనే ఒక పక్కకు ఒరిగిపోయి, నడుం పట్టుకుని, కళ్లలో నీళ్లతో నిలబడ్డాడు. మా మెకానిక్ చేతికంటిన ఆయిలు తుడుచుకుంటూ రోగం తేల్చేశాడు.

"కిడ్నీలో రాయిన్నా. దీనికేముండాది, రెండు బీర్లు కొట్టు. పొద్దనకంతా కరిగి పడిపోతాది."

కోయిలకుంట్లలో ఈ వైద్యం టీ కొట్టులో, మంగలి షాపులో, పెళ్లి పందిట్లో, ఆఖరికి చావింటి ముందు వేసిన కుర్చీల్లో కూడా దొరుకుతుంది. బండికి ఆయిలు మారిస్తే మేం బిల్లు వేస్తాం. మనిషికి మాత్రం అంతా ఉచితం.

"స్కానింగు తీయించుకోన్నా," అన్నాను నేను.

ఇద్దరూ నవ్వారు. నా మొహంలో ఏదో లోపముంది. నేను అబద్ధం చెబితే జనం ఆలోచనలో పడతారు, నిజం చెబితే నవ్వుతారు. నేను చెప్పింది చెప్పినట్టు నమ్మిన మనిషి ఈ ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. మా ఇంటి ఓనరు. ఆయన పోయాక ఇది రెండో ఎండాకాలం.

ఆయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎంచే మనిషి. గని నుంచి లారీలో వచ్చిన ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి, చెవి వంచి విని, మంచిదో కాదో తేల్చడమే ఆయన పని. కంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు, పైకి ఎంత నున్నగా ఉన్నా సరే. "కంగుమంటాండే రాయి బతికుండే రాయప్పా. మూగపడిందనుకో, లోపల చచ్చిపోయిందని లెక్క," అనేవాడు.

ఆ అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కుండను తట్టేవాడు, గోడను తట్టేవాడు, గ్యాసు సిలిండరును తట్టేవాడు, పక్కింటి పెళ్లికి వచ్చిన కొత్త బీరువాను అందరి ముందూ తట్టి పెదవి విరిచేవాడు. మిద్దె మీద గది అద్దెకు అడగడానికి నేను వెళ్లిన రోజు ముందు నా ట్రంకు పెట్టెను తట్టాడు. తర్వాత నా భుజం తట్టాడు.

"పెట్టె ఖాళీ. మనిషి గట్టిగానే ఉండాడు," అని లోపలికి కేకేసి చెప్పాడు.

లోపలి నుంచి వదిన వచ్చింది. అప్పటికింకా వదిన కాదు, ఓనరు గారి భార్య. "తాగుతాడేమో అడుగు," అంది నన్ను చూస్తూనే.

"ఏమప్పా, తాగుతావా?"

"ఎవరన్నా పోస్తే తాగుతానన్నా. నా దుడ్డుతో అయితే అలవాటు లేదు."

ఆమె మొహం ముడుచుకుంది. ఆయన మాత్రం తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నిజం చెప్పినాడు కదే. ఉండనీ."

ఆ ఒక్క జవాబుకు ఆ ఇంట్లో నాకు ఎంత పెద్ద ఉద్యోగం రాసిపెట్టి ఉందో అప్పుడు తెలియదు.

ఆయనకు రెండు పక్కలా రాళ్లు ఉన్నాయి. రాళ్ల మధ్య బతికే మనిషికి రాళ్లు రావడంలో వింతేమీ లేదు. ఎండ, దుమ్ము, దాహమేసినా లారీ దిగేదాకా నీళ్లు తాగని మొండితనం, ఇవన్నీ చేరి లోపల ఒక చిన్న గని తెరిచాయి. నొప్పి లేచినప్పుడు నడవలో నాపబండల మీద ముడుచుకుని పడుకుని, అరవకుండా, వేలి కణుపుతో నేలను తట్టేవాడు. టక్, టక్, టక్. మిద్దె మీద నాకు వినిపించేది. ఆ చప్పుడు వేగాన్ని బట్టి ఆ రోజు నొప్పి ఏ స్థాయిలో ఉందో చెప్పగలిగేవాణ్ని.

బార్లీ నీళ్లు అయ్యాయి. అరటి దూట రసం అయింది. కొండపిండాకు అయింది. కర్నూలులో డాక్టరు స్కానింగు చూసి, ఎడమ పక్కది పెద్దదయిందని, మిషనుతో పగలగొట్టి తీయాలని చెప్పాడు. ఆయన అక్కడి నుంచి నేరుగా లేచి వచ్చేశాడు.

"మిషను పెట్టి పగలగొడతారంట. రాయి యాడ పగలాల్నో మిషనుకేం తెలుసప్పా? రోజూ చూస్తాండా కదా. ఈడ కోయమంటే ఆడ పగుల్తాది."

"అది నాపరాయన్నా. ఇది కిడ్నీ."

"రాయంటే రాయేప్పా, యాడున్నా. కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పోస్తానే ఉండల్ల. నీళ్లు పారితే రాయి లొంగుతాది. నీళ్లు ఆగినాయంటే పగుల్తాది. అంతే."

ఈ సిద్ధాంతం ప్రకారం కావలసింది నీళ్లకంటే జోరుగా పారే నీళ్లు. అవి ఏవో ఊరు ఊరంతా ఆయనకు చెబుతూనే ఉంది. కానీ ఒక చిక్కుంది. ఆయన బీరు కొనలేడు.

వాళ్ల నాయన తాగి తాగి, ఒకరోజు వైన్‌షాపు మెట్ల మీదే పోయాడు. తోపుడుబండి మీద ఇంటికి తెచ్చారు. పదకొండో రోజు వాళ్లమ్మ కొడుకును దేవుడి గూటి ముందు నిలబెట్టి, అరచేతిలో కర్పూరం వెలిగించి, గుప్పిట మూసి ఆర్పమంది. మా వైపు ఇంతకు మించిన ప్రమాణం లేదు. ఆమెది ఆదోని పక్క ఊరు. ఆమె పలికించిన మాటలు ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుండేవి: "వైన్‌షాపు గడప తొక్కను. దుడ్లిచ్చి మందు కొనను." అరచేతిలో మచ్చ కూడా ఉండేది, అనుమానమున్నవాళ్లు చూసుకోవడానికి.

"నేను తెచ్చిస్తా కదన్నా," అన్నాను.

"నువ్వు తెస్తే నేను కొన్నట్టే."

"నా దుడ్డుతోనే తెస్తా."

"అప్పుడు ఎవరో పోసినారని తాగినట్టయితాది. మా నాయన జన్మంతా అట్లనే తాగినాడు. ఎవరో ఒకరు పోసినారని."

ఆ మాటకు నేను మొదటి రోజు ఇచ్చిన జవాబు గుర్తొచ్చింది. ఆయన కాసేపు నడవలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంట్లోనే కాచుకుంటే ఎట్లుంటాదంటావు? గడప తొక్కేది ల్యా. కొనేది ల్యా. కొండపిండాకు కాచినట్టు అదీ ఒగ కషాయం. ఏమంటావు?"

"వాదన బాగుందన్నా. తీర్పు ఎవరు చెప్పాల?"

ఇద్దరం గోడ మీద వాళ్లమ్మ ఫోటో వైపు చూశాం. ఆమె ఏమీ అనలేదు. అభ్యంతరం లేనట్టే తీసుకున్నాం.

నా ఫోనులో వీడియోలు చూశాం. ఏ దేశమో తెలియదు, గడ్డం మనిషి ఒకడు అద్దంలా మెరిసే స్టీలు డ్రమ్ముల మధ్య తిరుగుతూ బీరు కాచాడు. ఆ డ్రమ్ముల ఖర్చుతో మా ఓనరు మిద్దె మీద ఇంకో మిద్దె వేసేవాడు. ఆయన డ్రమ్ములను చూడలేదు. కిందపడిన గింజలను చూశాడు. "మొలకెత్తిన బార్లీ, చేదు, ఈస్టు, నీళ్లు. ఇంతేనా? దీనికా ఇంత డబ్బా కొట్టుకునేది?" అన్నాడు.

ఆయన ఫ్యాక్టరీ ఇలా తయారైంది. మూత పోయిన పాత నీళ్ల డబ్బా ఒకటి. దాని నోటికి ప్లాస్టిక్ కవరు బిగించి, అందులోంచి సెలైను పైపు ఒకటి బయటికి తీసి, కొస నీళ్ల సీసాలో ముంచాడు. లోపల పులిసిన గాలి బుడగలుగా బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. ఆ పైపు ఎక్కడిదంటే, నొప్పితో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఆయన చేతికి పెట్టినదే. "దుడ్డు మనమే కట్టినాం కదా," అని కడిగి తెచ్చుకున్నాడు. బేకరీలో మంచి చేసుకుని ఈస్టు పొడి. మెట్ల కింద, ఫ్యాక్టరీలో పారేసిన పగులు బండలతో పెట్టెలాంటి గూడు కట్టి, చుట్టూ తడి గోనెసంచులు కప్పాడు. బయట ఎండ మండుతున్నా ఆ గూటిలో చేయి పెడితే చల్లగా తగిలేది. ఒప్పుకోవాలి, ఇంటి మొత్తంలో అంత సుఖమైన గది ఇంకోటి లేదు. నా గది కంటే చాలా నయం. అద్దె తగ్గించమని అడిగితే వినబడనట్టు గోడ తట్టాడు.

మొదటిసారి కిరాణా షాపు బార్లీ నానబెట్టి, పంచెలో మూట కట్టి, మొలకల కోసం కాచుకు కూర్చున్నాడు. మొలకలు రాలేదు. వాసన వచ్చింది. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, రెండు గింజలు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇవి పాలిష్ పట్టిన గింజలయ్యా. పొట్టు తీసేసినాక ఇంగ యాడ మొలుస్తాయి?"

పాలిష్ ఫ్యాక్టరీలో తల నెరిసిన మనిషి ఆ మాటకు చాలాసేపు నేల చూపులు చూశాడు.

తర్వాత రాగులు, జొన్నలు. ఎండాకాలం మాల్టు కోసం వదిన రాగులు మొలకెత్తించి ఎండబెట్టేది. అందులో సగం మాయమయ్యేవి. వాటిని దంచి, మరగని వేడినీళ్లలో నానబెడితే నీళ్లు తియ్యబడేవి. పంచెతో వడకట్టి, చేదు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు చల్లి డబ్బాలో పోయడం. ఆ చేదు కోసం గడ్డం మనిషి వాడిన పువ్వులు తెప్పించాలంటే పోస్టు ఖర్చే తడిసి మోపెడు. మన దగ్గర చేదుకు కరువా? వేపపువ్వు ఉంది. ఉచితంగా ఉంది. ఉచితం కాబట్టి చేటెడు వేశాడు.

ఇక్కడే నా ఉద్యోగం మొదలైంది. గాజు గ్లాసులో పోసుకుని మిద్దె ఎక్కి, తలుపును ఒకసారి వినడానికి, రెండోసారి పిలవడానికి తట్టి, లోపలికి వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

"ఎట్లుండాది?"

ఆ మొదటిది తాగాక నాకు నాలుక తిరిగి రావడానికి కొంత టైము పట్టింది. "అన్నా, ఇది రాయిని కరిగించదు. రాయే భయపడి బయటికొస్తాది."

ఆయన నొచ్చుకోలేదు. తల ఊపాడు. "సరే, వేప తగ్గిస్తా." రెండోది తడిసిన గోనెసంచి పిండిన నీళ్లలా ఉందన్నాను. మూడోది, ఎవరో బీరు తాగి చెప్పిన కలలా ఉందన్నాను. వదిన గడప దగ్గరి నుంచే వాసన చూసి "బాగుండాదిలే" అనేది. పక్కింటివాళ్లు మొహమాటానికి "శానా బాగుండాదన్నా" అనేవాళ్లు. ఆయన వాళ్ల మాట పట్టించుకునేవాడు కాదు. "వాళ్లు మర్యాద చేస్తాండారప్పా. మర్యాదతో బీరు బాగుపడదు. నువ్వు చెప్పు," అనేవాడు. నన్ను కసరడానికి కాక, వినడానికి మిద్దె ఎక్కిన ఇంటి ఓనరు చరిత్రలో ఆయనొక్కడే.

వదిన పుట్టిల్లు వేంపల్లె. అక్కడి నుంచి మూటలుగా చీనీకాయలు, అంటే బత్తాయిలు, వచ్చేవి. వాటి తొక్క ఎండబెట్టి, వేపపువ్వు చిటికెడుకు తగ్గించి రెండూ కలిపి వేయడం ఆమె ఆలోచనే. "ఎట్లా చేసి సస్తాండావు కదా, కొంచెం వాసనన్నా బాగా రానీ," అంది. దాంతో అది మొదటిసారి నోట్లో పెట్టుకునే పదార్థమయింది. పాత కూల్‌డ్రింకు సీసాల్లో పోసి, కొంచెం చక్కెర వేసి బిగించి, సీసాను నొక్కి చూసి గ్యాసు పట్టిందో లేదో చెప్పేవాడు. నొక్కాక తట్టేవాడు కూడా. ప్లాస్టిక్ సీసా ఏం చెప్పేదో ఆయనకే తెలియాలి.

నడి వేసవిలో ఒక మధ్యాహ్నం గోనెసంచులు తడపడం మరిచి ఫ్యాక్టరీకి పోయాడు. గూటిలో సీసాలు ఒకదాని వెనక ఒకటి పేలాయి. వేరే ఊళ్లలో అయితే జనం ఏమైందోనని పరిగెత్తుకొస్తారు. మా సీమలో అలాంటి చప్పుడు వినబడితే వేరే పద్ధతి ఉంది. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. టీవీలు కూడా ఆగిపోయాయి. చాలాసేపటికి ఎదురింటి పెద్దాయన కిటికీ సందులోంచి అడిగాడు.

"ఎవురి పానమమ్మే పోయింది?"

వదిన నెత్తి మీద నుంచి రాగిపిప్పి కారుతుండగా మెట్ల కింద నిలబడి, "ఎవురిదీ కాదు మామా. మా ఆయన మందు," అంది.

ఆ వేసవి చివర్లో ఆయన పరుగున మిద్దె ఎక్కి వచ్చాడు. ఎప్పుడూ తట్టే తలుపును ఆ రోజు తట్టలేదు. సీసా మూతలో జొన్నగింజంత గోధుమరంగు రాయి. కుడి పక్కది. పొద్దున ప్రాణం పోయినంత పనై బయటికొచ్చిందట.

"చూసినావా? రాయే భయపడి బయటికొస్తాదంటివి, వచ్చింది. వినుప్పా, విను." గోటితో దాన్ని మీటి, నా చెవి దగ్గర పెట్టాడు. నాకేమీ వినబడలేదు. "కంగుమంటాండాది!" అన్నాడు, కొడుకు పాసయినట్టు.

దాన్ని తీసుకెళ్లి వాళ్లమ్మ ఫోటో కింద, వదిన కుంకుమ భరిణెలో పెట్టాడు. ఆ రోజు వదిన వేసిన కేకలు బస్టాండు దాకా వినబడ్డాయని అంటారు.

ఆ తర్వాత కొన్నాళ్లు వీధిలో రాళ్లున్నవాళ్లందరూ చెంబులతో వచ్చారు. రాళ్లు లేనివాళ్లు కూడా నడుం పట్టుకుని వచ్చారు. ఆయన ఒక్కొక్కరి వీపూ తట్టి చూసి పోసేవాడు. ఊరికే వచ్చినవాళ్లను వెళ్లగొట్టేవాడు. "నొప్పి ఉన్నోనికి పోస్తే మందు. లేనోనికి పోస్తే తాగుడు. అది నా చేత కాదు, అమ్మ ఊరుకోదు." తానూ అంతే. నొప్పి ఉన్న రోజు లెక్కగా తాగేవాడు, ముక్కు మూసుకుని, కషాయం తాగినట్టు. ఎప్పుడూ తూలలేదు, పాడలేదు, పక్కవాణ్ని తిట్టలేదు. బీరుకు అంతటి అవమానం ఎవరూ చేసి ఉండరు.

తర్వాత ఎడమ పక్క నొప్పి కూడా ఆగిపోయింది.

ఆ ఆదివారం నన్ను భోజనానికి పిలిచాడు. సంగటి, పొట్టేలు కూర. నడవలో కాళ్లు చాపుకుని, పుట్టి ఇన్నేళ్లకు ఖాళీ దొరికినవాడిలా కూర్చున్నాడు.

"ఎడమ పక్క నొప్పి శుద్ధంగా ల్యాప్పా. ఇంతకుముందు అరుస్తానే ఉండేది. ఇప్పుడు పూర్తిగా మూగపడింది."

"మూగపడితే చచ్చిపోయినట్టని కదన్నా నువ్వు చెప్పేది?" అన్నాను, ముక్క నములుతూ.

పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది రాయికప్పా. మనిషికి కాదు."

"ఎందుకైనా మంచిది, ఒకసారి స్కానింగు..."

"నొప్పి ల్యాకుండా పోయి ఏమని చెప్పేది? బాగుండా సారూ, చూడండి అనా?"

వదిన ఇంకో ముద్ద వేసింది. నేను తిన్నాను.

మళ్లీ ఎండలొచ్చే సమయానికి ఆయన పాదాలు ఉబ్బాయి. చెప్పులు పట్టలేదు. తిండి సయించలేదు. మెట్లెక్కితే ఆయాసం. ఒంటికి కంది పొట్టు అంటుకున్నట్టు దురద. నొప్పి మాత్రం లేదు. దాన్ని పట్టుకుని చివరిదాకా వాదించాడు. ఒకరోజు లారీ దగ్గర బండ తట్టి చెవి వంచినవాడు అలాగే కింద కూలబడ్డాడు. కర్నూలు తీసుకెళ్లాం, నేనూ వదినా.

డాక్టరుకు నా వయసే ఉంటుంది. స్కానింగు ఫిల్ము లైటుకు పెట్టి, వేలితో చూపిస్తూ నిదానంగా చెప్పాడు. ఎడమ కిడ్నీ దారికి రాయి అడ్డంపడి, నీళ్లు పోయే దారి లేక లోపలే నిలిచి, ఉబ్బి, ఎప్పుడో పనిచేయడం మానేసింది. ఇన్నేళ్ల రాళ్లతో కుడిది కూడా దాదాపు అయిపోయింది.

"నొప్పి లేదు సార్," అన్నాడు మా ఓనరు. సాక్ష్యం చెప్పమన్నట్టు నా వైపు చూశాడు.

"పని ఆగిపోయాక ఇక నొప్పి ఎందుకుంటుందండీ?"

ఆయన చేయి వెనక్కి పెట్టి, నడుం పక్కన కణుపుతో తట్టుకున్నాడు. చెవి వంచాడు. డాక్టరు ఆయన విని ముగించేదాకా ఆగాడు, అది మాత్రం చెప్పుకోవాలి.

తిరుగు బస్సు బనగానపల్లె దాటింది. కిటికీ వైపే చూస్తూ ఆయన అన్నాడు. "నీళ్లు ఆగితే పగుల్తాదని నేనే చెప్పినా కదప్పా."

నా దగ్గర ప్రతిదానికీ ఒక జోకు ఉంటుంది. ఆ బస్సులో దొరకలేదు. కండక్టరు చిల్లర లేదన్నాడు, దాని మీద ఏదో అన్నాను. అది కూడా బాగా రాలేదు.

డయాలిసిస్ మొదలైంది. మిషను పక్కన పడుకుని, తన రక్తం పైపులో పోవడం, రావడం చూస్తూ ఉండేవాడు. ఒకసారి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, "మన డబ్బా లెక్కనే ఉండాది చూడు. పైపు కూడా అట్లాంటిదే. దీన్ని మాత్రం ఇంటికి ఇయ్యరంట, అడిగినా," అన్నాడు. అడిగాడని నాకు అనుమానం లేదు.

అన్నిటికంటే కష్టం నీళ్లు. తాగిన నీళ్లు పోయే దారి లేదు కాబట్టి, రోజు మొత్తానికి చిన్న స్టీలు గ్లాసుడు మాత్రమే అని డాక్టరు గీత గీశాడు. కోయిలకుంట్ల ఎండలో. బార్లీ నీళ్లు, దూట రసం కడవలతో తాగిన మనిషికి వదిన తడిగుడ్డతో పెదాలు అద్దేది. "గూటికి గోనెసంచి తడిపినట్టు తడుపుతాండాదిప్పా మీ వదిన," అనేవాడు. "పేలకుండా."

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వదిన మెట్ల కింద ఊడుస్తూ గూటి వెనక మూలలో చివరి సీసాలు చూసింది. ఆయన కూలబడక ముందు పోసి బిగించినవి. ఆ గొడవలో అందరం మరిచిపోయాం. ఎప్పుడూ రాయి తొందర పెడుతుంటే, సీసా బిగించిన కొన్నాళ్లకే తెరిచేవాడు. ఈసారి తొందరపడే మనిషి మంచం మీద ఉండటంతో వదిన రోజూ మెట్లు కడిగిన నీళ్లు కారి తడిసే గోనెసంచుల చల్లదనంలో అవి నెలల తరబడి కదలకుండా ఊరాయి.

"పారబోద్దునా?" అని అడిగింది.

"యాల పారబోసేది? పైనోన్ని పిల్చు," అన్నాడు.

నేను షోరూముకు బయల్దేరుతున్నవాణ్ని, అలాగే దిగి వచ్చాను. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు పుల్లల్లా అయ్యాయి, పాదాలు మాత్రం ఎవరివో తెచ్చి అతికించినట్టు లావుగా ఉన్నాయి. సీసా తీసుకుని నొక్కాడు. బలం చాలలేదు. తట్టాడు. మూత తీయమని నాకు ఇచ్చాడు.

తీస్తే సన్నగా, పద్ధతిగా బుస్సుమంది. గ్లాసులో పోస్తే తేనెరంగులో తేటగా ఉంది. అంతకుముందు ఎప్పుడూ బురదే. పైన తెల్లటి నురగ నిలబడింది. చీనీతొక్క వాసన గదంతా పాకింది. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ వదిన కూడా ఒక అడుగు ముందుకు వేసింది.

తాగాను.

బాగుంది. ఊరికే బాగుంది కాదు. చల్లగా, తేలిగ్గా, ముందు తీపి, వెనక చేదు, గొంతు దిగాక చీనీ వాసన. నేను దుడ్డు పెట్టి తాగినవాటిల్లో కూడా అలాంటిది లేదు. ఎందుకైనా మంచిదని మళ్లీ తాగి చూశాను. బాగుంది.

"ఎట్లుండాది?"

"బాగుందన్నా."

ఆయన ఎదురు చూశాడు. వెనకాల ఏదో వస్తుందని. వేపో, గోనెసంచో, కలో. నేను ఇంకో గుక్క తాగాను.

"సరింగ చెప్పుప్పా."

"సరింగనే చెబుతున్నా. శానా బాగుంది. నువ్వు కాచినవాటిల్లో ఇట్లాంటిది రాలేదు. ఒక చుక్క నాలుక మీద వేసుకో, నీకే తెలుస్తాది."

వదిన గబగబా చెంచా తెచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడు మందని తాగితి. ఇప్పుడిది నాకు మందు కాదు కదా. ఇప్పుడు తాగితే తాగుడే అయితాది." ఫోటో వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. "నువ్వు చెప్పు, చాలు. నీ నాలుకే కదా నాది."

"చెప్పినా కదన్నా. బాగుంది."

దగ్గరికి రమ్మన్నాడు. వంగాను. వేలు మడిచి, నా రొమ్ము మీద కణుపుతో తట్టాడు. లారీలో వచ్చిన బండను తట్టినట్టు, ఒకసారి, ఆగి, ఇంకోసారి. చెవి వంచి విన్నాడు. తర్వాత దిండు మీదికి వాలిపోయాడు.

"బొంగురు పలుకుతాండాది," అన్నాడు వదినతో, నిష్ఠూరం లేకుండా, బండను పక్కన పెట్టించినట్టు. "వీడు కూడా మర్యాద చేయడం నేర్చినాడే. పారబొయ్యి."

"అన్నా, అమ్మతోడు..."

"కానీలేప్పా. నీకు టైమయింది, పో."

ఆ నెల తిరగకుండానే, డయాలిసిస్‌కు కర్నూలు పోవడానికి బస్టాండులో నాపరాయి అరుగు మీద కూర్చుని ఉండగా ఆయన పోయాడు. వదిన మందుల సంచి సర్దుకుని తల తిప్పేసరికి అయిపోయింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బస్సు ఆ రోజు టైముకు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

సీసాలను వదిన పారబోయలేదు. నాకిచ్చింది. ఆయనను మట్టి చేసి వచ్చిన సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఒకటి తెరిచాను. తాగే ముందు, ఎవరూ చూడకుండా, చొక్కా గుండీ తీసి, వేలి కణుపుతో నా రొమ్ము నేనే తట్టి విన్నాను. ఆయన చెవి తప్పు కాదు. నిజంగానే బొంగురు.

కానీ బీరు మాత్రం బాగుంది.